డ్రమ్ములు కొన్నారు, శ్రుతి ఎవరు చేస్తారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆగస్టు 15 దగ్గర పడుతోంది. గుంటూరులోనైనా విజయవాడలోనైనా సాయంత్రం నాలుగు దాటాక ఏ పాఠశాల ప్రహరీ పక్కగా నడిచినా కవాతు డ్రమ్ముల సాధన వినిపిస్తోంది. ఇరవయ్యారేళ్లుగా ఈ రెండు ఊళ్ల పాఠశాలల్లో పిల్లలకు డ్రమ్ములు నేర్పుతున్న నాకు ఆ మోత వింటే కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. అయితే, ఏటా జూన్, జులై నెలల్లో యాజమాన్యాలు నన్ను పిలిచి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, ఏ కంపెనీ డ్రమ్ములు కొంటే బాగుంటుంది?" వాటిని శ్రుతి ఎవరు చేస్తారని, పిల్లలకు రోజూ ఎంతసేపు సాధన ఉండాలని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. డ్రమ్ముల వరుస మోగే తీరులో కంపెనీకి ఎంత వాటా ఉంది, శ్రుతికి ఎంత ఉంది, వాయించే చేతులకు ఎంత ఉంది అన్న విషయం మీ పత్రిక ద్వారా తల్లిదండ్రుల దృష్టికీ, ప్రధానోపాధ్యాయుల దృష్టికీ తీసుకురావాలన్నదే ఈ ఉత్తరం ఉద్దేశం.

పోయిన ఏడాది గుంటూరులోని ఒక పాఠశాల నుంచి పిలుపు వచ్చింది. వారు పేరున్న విదేశీ కంపెనీ నుంచి ఎనిమిది సైడ్ డ్రమ్ములు (కింద తీగలుండే చిన్న డ్రమ్ములు), రెండు టెనార్లు (తీగలు లేనివి), ఒక పెద్ద బాస్ డ్రమ్ము తెప్పించుకుని అప్పటికి పది నెలలైంది. "ఇంత డబ్బు పోశాం, మా పాత దేశీ మీరట్ డ్రమ్ములే నయమనిపిస్తోంది, వీటిలో ఖంగుమనే మోతే లేదు" అని ప్రధానోపాధ్యాయురాలు ఎంతో బాధపడ్డారు. నేను ఒక సైడ్ డ్రమ్మును తీసుకుని బల్ల మీద బోర్లించాను. కింది మూతను బొటనవేలితో నొక్కితే మెత్తటి దిండులా పల్లం పడింది. దాని మీద ఆనుకుని దెబ్బకు జరజరమనే మోతనిచ్చే స్నేర్ తీగలు ఒక చివర ఆని, రెండో చివర గాలిలో వేలాడుతున్నాయి. పై మూతను పట్టి ఉంచే పది మరల్లో నాలుగింటిని వట్టి వేళ్లతోనే తిప్పగలిగాను. మరలు తిప్పే కీ ఎక్కడుందని అడిగితే ఆఫీసు బీరువాలోంచి తెచ్చిచ్చారు. కంపెనీ వారు పంపిన చిన్న ప్లాస్టిక్ సంచిలో, గ్యారంటీ కార్డుతో పాటు, విప్పకుండా అలాగే ఉంది. పది నెలలు ఆ డ్రమ్ములను ఎవరూ శ్రుతి చేయలేదన్న మాట.

శ్రుతి చేయడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది మరలన్నీ బాగా బిగిస్తే సరిపోతుందనుకుంటారు. ముందు అన్ని మరలను పూర్తిగా సడలించి, మూతను తీసి, అది ఆనే అంచును మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడవాలి. మూతను తిరిగి పెట్టి, మరలన్నిటినీ వేళ్లతో తిరిగినంత మేర తిప్పి, ఆ తర్వాత కీతో ఒక మర, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మర, మళ్లీ పక్కది, దాని ఎదురుది, ఇలా ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున బిగిస్తూ పోవాలి. వరుసగా గుండ్రంగా తిప్పుకుంటూ పోతే ఒక పక్క లాగినట్టై మూత వంకరగా కూర్చుంటుంది. కొంత బిగువు వచ్చాక, ప్రతి మర దగ్గరా అంచుకు రెండు వేళ్ల దూరంలో పుల్లతో చిన్నగా తట్టి వినాలి. పది చోట్లా ఒకే స్వరం పలకాలి. ఎక్కడ కిందికి పలికితే అక్కడ పావు చుట్టు బిగించాలి. సైడ్ డ్రమ్ములో కింది మూత పై మూత కన్నా పలుచగా ఉంటుంది కనుక దాన్ని జాగ్రత్తగా, కానీ గట్టిగా బిగించాలి. స్నేర్ తీగలు స్పష్టంగా పలికేది ఆ బిగువు మీదే. చివరగా తీగలను కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చుకుంటూ, జరజరమనే సాగుడు పోయి దెబ్బ పొడిగా వినిపించే చోట ఆపాలి. ఆ రోజు ఒక్కో డ్రమ్ముకు ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి డ్రమ్ము కుదిరాక మిగిలిన ఏడింటినీ దాని పక్కన పెట్టి, దానితో కలిసేదాకా సరిచేశాను. ఎనిమిది డ్రమ్ములు విడివిడిగా బాగుంటే చాలదు, ఎనిమిదీ ఒకే డ్రమ్ములా వినిపించాలి. పని పూర్తయ్యాక ప్రధానోపాధ్యాయురాలు వచ్చి విని, "ఇవి మా డ్రమ్ములేనా?" అని అడిగారు.

అయితే అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. శ్రుతి కుదిరిన ఆ డ్రమ్ములను ఎనిమిది మంది పిల్లలూ భుజాన వేసుకుని వరుసగా నిలబడి వాయించేసరికి లారీలోంచి కంకర ఒంపినట్టు వినిపించింది. సడలిన మూతల మీద కలిసిపోయి వినపడని తప్పులన్నీ ఇప్పుడు గీతగీసినట్టు వేరువేరుగా వినపడ్డాయి. ఒక అబ్బాయి పుల్లను చెవి దాకా ఎత్తి కొడుతున్నాడు, పక్కనున్న అమ్మాయి మణికట్టును మాత్రమే కదిలిస్తోంది. ఒకరి దెబ్బ మూత నడిమధ్య పడుతోంది, మరొకరిది అంచు దగ్గర. నడిమధ్య కొట్టిన దెబ్బ పొడిగా, గట్టిగా ఉంటుంది, అంచు దగ్గరది పలుచగా, ఈల కలిసినట్టు మోగుతుంది. డ్రమ్ము ఎంత ఖరీదైనదైనా ఈ తేడాను దాచలేదు సరికదా, మరింత ఎత్తి చూపిస్తుంది.

పుల్ల ఎంత ఎత్తు నుంచి పడితే అంత మోత. అందుకే బాగా నేర్చిన వరుసల్లో ఎత్తును అంగుళాల్లో చెబుతారు. తక్కువ మోతతో వాయించేటప్పుడు మూడు అంగుళాలు, కాస్త పెంచితే ఆరు, ఇంకా పెంచితే తొమ్మిది, పన్నెండు. ఎనిమిది మంది పుల్లల కొనలూ ఒకే ఎత్తుకు లేచి, ఒకే చోట పడితే, చూసేవారి కంటికి ఎనిమిది జతల చేతులు కనిపించినా వినేవారి చెవికి ఒక్క దెబ్బే వినిపిస్తుంది. ఆ పాఠశాలలో నేను చేసిన పని చాలా చిన్నది. ఒక పొడవాటి వెదురు బద్దను ఇద్దరు పిల్లల చేత రెండు చివరలా పట్టించి, డ్రమ్ముల వరుస మీద ఆరు అంగుళాల ఎత్తున అడ్డంగా నిలబెట్టాను. పుల్ల బద్దను తాకకూడదు, బద్దకు బాగా కిందనే ఆగిపోనూ కూడదు. మొదటి రోజు బద్ద మీద టపటపమని పుల్లలు తగిలిన చప్పుడే ఎక్కువ. మూడో వారానికి బద్ద అవసరం లేకపోయింది. ఎడమ చేతి దెబ్బ కుడి చేతి దెబ్బకు సమానం కావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. డ్రమ్మును ఒక భుజానికి పట్టీతో వేలాడదీస్తే అది తొడ మీదికి వాలుగా దిగుతుంది, అందుకని ఎడమ చేతిని కింది నుంచి తిప్పి పట్టుకోవడం పూర్వపు సైనిక బ్యాండ్ల నుంచి వచ్చిన అలవాటు. ఆ పట్టులో ఎడమ చేతికి ప్రత్యేకంగా సాధన లేకపోతే ప్రతి రెండో దెబ్బా మెత్తబడిపోతుంది.

ఈ సాధనకు బడులు, పాఠాలు లేకపోలేదు. మృదంగం నేర్చుకునే పిల్లవాడు "త ధి తొం నం" దగ్గర మొదలుపెట్టినట్టే, పాశ్చాత్య డ్రమ్ముకు రూడిమెంట్లని పేరున్న పాఠాలు ఉన్నాయి. 1933లో చికాగోలో ఏర్పడిన రూడిమెంటల్ డ్రమ్మర్ల జాతీయ సంఘం 26 పాఠాలను ప్రామాణికంగా నిర్ణయించింది. తర్వాత 1984లో పర్కసివ్ ఆర్ట్స్ సొసైటీ వాటిని 40కి పెంచింది. రోల్, ఫ్లామ్, పారడిడిల్ వంటి ఆ పాఠాలను మన పిల్లలు డ్రమ్ము లేకుండానే, పాత టైరు ముక్క మీదో, గోనె పట్టా కప్పిన బెంచీ మీదో నేర్చుకోవచ్చు. నేను నేర్చుకున్నది అలాగే.

డ్రమ్ముల వరుసను ఒక కళగా పెంచిన అమెరికాలో ఈ విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ కవాతు సంగీత దళాల పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ 1971లో ఏర్పడింది, మొదటి పోటీలు 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో జరిగాయి. ఇరవై రెండేళ్ల లోపు యువతీ యువకులు వేసవి అంతా ఊరూరా తిరిగి పోటీ పడతారు. న్యాయనిర్ణేతలు తాళ వాద్యాలకు విడిగా మార్కులు వేస్తారు. సైడ్ డ్రమ్ములు ఒక వరుస, ఒక్కొక్కరు నాలుగు నుంచి ఆరు చిన్న డ్రమ్ములను ఒకే చట్రంలో మోసే టెనార్లు ఒక వరుస, వేర్వేరు కొలతల బాస్ డ్రమ్ములతో అయిదుగురు ఒక వరుస. ఆ అయిదు బాస్ డ్రమ్ములూ అయిదు స్వరాలకు శ్రుతి అయి ఉంటాయి, ఒకే పలుకును ముక్కలుగా పంచుకుని ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. కాలిఫోర్నియాకు చెందిన బ్లూ డెవిల్స్, సాంటా క్లారా వాన్‌గార్డ్ దళాల పాత రికార్డింగులను పక్కపక్కన పెట్టి వింటే ఎవరి మోత వారిదే అని తెలుస్తుంది. అక్కడి దళాలకు పెర్ల్, యమహా, మేపెక్స్ వంటి కంపెనీలతో ఒప్పందాలుంటాయి. ఒప్పందం మారి డ్రమ్ములు మారినా, నేర్పే గురువు, శ్రుతి ఎత్తు, పుల్లల ఎత్తు మారనంత కాలం దళం మోతను గుర్తుపట్టవచ్చు. ఇది నేను ఏళ్ల తరబడి విని తెలుసుకున్నది.

అలాగని కంపెనీకి ప్రాముఖ్యమే లేదని నేను అనను. అలా అంటే అబద్ధమవుతుంది. మూత బిగువు పెరిగేకొద్దీ స్వరం పెరుగుతుంది, కానీ బిగువు రెట్టింపైతే స్వరం రెట్టింపు కాదు. స్వరం సరిగ్గా ఒక స్థాయి (కింది స నుంచి పై స దాకా) పైకి వెళ్లాలంటే బిగువు నాలుగింతలు కావాలి. ఆ భారమంతా మోయాల్సింది అంచు కంకణాలు, మరలు, మధ్యనున్న గుల్ల, అంటే డ్రమ్ము ఒళ్లు. 1957లో రెమో బెల్లీ మైలార్ ప్లాస్టిక్ మూతలను మార్కెట్లోకి తెచ్చిన తర్వాత తోలు మూతల బాధ తప్పింది, కానీ అతిగా బిగిస్తే మైలార్ చిరిగేది. 1980లలో కవాతు డ్రమ్ములకు కెవ్లార్ నేత మూతలు వచ్చాయి. తూటాను ఆపే కవచాల్లో వాడే పీచు అది, అంత తేలిగ్గా సాగదు, చిరగదు. అప్పుడు చిరగడం మానేసింది మూత, వంగిపోవడం మొదలుపెట్టింది గుల్ల. ఆ తర్వాతే కంపెనీలు గుల్ల మీద బరువు పడకుండా, కింది కంకణం నుంచి పై కంకణానికి నేరుగా వెళ్లే కడ్డీలు బిగువును మోసేటట్టు డ్రమ్ములను తీర్చిదిద్దాయి. పెర్ల్ వారి ఫ్రీ ఫ్లోటింగ్ పద్ధతి అటువంటిదే. సంచి పిల్లనగ్రోవులతో (బ్యాగ్‌పైపులతో) వాయించే పైప్ బ్యాండ్ల వారు వాడే డ్రమ్ముల్లోనైతే పై మూత కింద కూడా మరో జత తీగలుంటాయి. ఎముక విరిగినట్టు పలికే ఆ పొడి దెబ్బ, మంచి గుల్ల, మంచి మరలు లేనిదే రాదు.

ఈ సంగతి తెలియక నేను చేసిన పొరపాటు ఒకటి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. చాలా ఏళ్ల క్రితం, అమెరికా దళాల మోత విని ఆశపడి, ఒక స్నేహితుడి చేత కెవ్లార్ మూత ఒకటి తెప్పించుకున్నాను. దాన్ని పలుచని ఇనుప రేకు గుల్ల ఉన్న మామూలు డ్రమ్ముకు ఎక్కించి, ఆ పొడి మోత వచ్చేదాకా బిగించుకుంటూ పోయాను. మోత వచ్చినట్టే వచ్చింది. మర్నాడు పొద్దున చూస్తే గుల్ల కోడిగుడ్డు ఆకారానికి తిరిగింది, రెండు మరలు రేకును చీల్చుకుని బయటికొచ్చాయి. అది ఒక పేద పాఠశాల డ్రమ్ము. నా జీతంలోంచి కొత్తది కొనిచ్చాను. అప్పటి నుంచి, డ్రమ్మును చూశాకే మూతను, మూతను చూశాకే బిగువును నిర్ణయిస్తాను. మీరట్‌లోని జలీ కోఠీ వీధి నుంచి వచ్చే డ్రమ్ములను తక్కువ చేసి మాట్లాడేవారిని చాలామందిని చూశాను. దేశమంతటా పెళ్లి బ్యాండ్లు, పాఠశాల బ్యాండ్లు వాటి మీదే బతుకుతున్నాయి. వాటికి మంచి మైలార్ మూతలు వేసి, అవి మోయగలిగినంత బిగువుకే శ్రుతి చేస్తే, మన పాఠశాలల అవసరానికి నిండుగా పలుకుతాయి. అవి మోయలేని శ్రుతిని వాటి నుంచి పిండాలని చూడటమే తప్పు.

శ్రుతి విలువ ఇంకెక్కడి నుంచో నేర్చుకోవాల్సిన వాళ్లమా మనం? డప్పు కళాకారులు ఊరేగింపు ముందు నాలుగు ఎండుటాకులు పోగేసి మంట పెట్టి, డప్పును దాని మీద తిప్పుతూ, మధ్యమధ్యలో వేళ్లతో కొట్టి వింటారు. ఆ తోలు పలికే స్వరం తమకు కావలసినదయ్యేదాకా వారు అడుగు ముందుకు వేయరు. వానాకాలంలో, తేమకు తోలు సాగి స్వరం దిగిపోతుందని తెలుసు కనుక, మళ్లీ మళ్లీ కాస్తారు. మృదంగ విద్వాంసులు కచేరీకి ముందు రాయితో, చెక్క ముక్కతో మూత అంచున తట్టి శ్రుతి కుదుర్చుకుంటారు, ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దుతారు. కుడి మూత మధ్యనున్న నల్లటి కరణి వల్లనే మృదంగంలో ఉప స్వరాలు మూల స్వరంతో పొంది పలుకుతాయని సి.వి. రామన్ 1920లోనూ, తిరిగి 1934లోనూ నిరూపించి రాశారు. 2021లో పద్మశ్రీ పురస్కారం పొందిన మృదంగ విదుషీమణి నిడుమోలు సుమతి గారి రాష్ట్రం మనది. చర్మ వాద్యానికి శ్రుతి ప్రాణమని ఇంతగా తెలిసిన మనం, అదే వాద్యం పాశ్చాత్య రూపంలో పాఠశాలకు రాగానే దాన్ని బల్లలా, కుర్చీలా ఒకసారి కొని పడేస్తే చాలుననుకోవడం నాకు మింగుడు పడదు.

మైదానం గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం వంటి పెద్ద చోట వాయించిన ప్రతి పాఠశాలా ఈ చిక్కులో పడుతుంది. మన ఊళ్ల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 35 మీటర్ల దూరంలో ఉన్న డ్రమ్ము మోత చెవికి చేరడానికి సెకనులో పదో వంతు పడుతుంది. నిమిషానికి 120 అడుగుల నడకలో ఒక అడుగు అర సెకను, అడుగుకు నాలుగు దెబ్బల చొప్పున వాయిస్తే ఒక్కో దెబ్బ మధ్య ఎడం సెకనులో ఎనిమిదో వంతు. కనుక బ్యాండు రెండు భాగాలుగా విడిపోయి దూరంగా నిలబడితే, వెనకవారు ముందువారిని చెవితో అనుసరించినంత మాత్రాన దాదాపు ఒక దెబ్బ వెనకబడతారు. అందుకే డ్రమ్ములను చెల్లాచెదరు చేయకుండా బ్యాండు నడిమధ్య ఒక్కచోట ఉంచాలి, దూరమైనవారు చెవిని కాక బ్యాండును ముందుండి నడిపే డ్రమ్ మేజర్ దండాన్ని నమ్మాలి. నిరుడు ఒక కవాతులో వరుసలు అందంగా కనిపిస్తాయని ఎనిమిది డ్రమ్ములనూ నాలుగు మూలలకు పంచిన బ్యాండును చూశాను. పిల్లలు ఒక్క తప్పూ చేయలేదు, అయినా మోత చెదిరిపోయింది. వారి ముఖాలు చూసి నాకు ఎంతో బాధ కలిగింది.

యాజమాన్యాల వారిని నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఒక దిగుమతి డ్రమ్ముకు పెట్టే డబ్బుతో ఉన్న డ్రమ్ములకు కొత్త మూతలు, తీగలు, నాలుగు కీలు, అందరికీ ఒకే బరువు పుల్లల జతలు కొనవచ్చు. పుల్లల బరువు వేరైతే మోత వేరవుతుందన్న సంగతి మరచిపోకూడదు. మిగిలిన డబ్బును శిక్షకుడి జీతానికి కేటాయించండి, కానీ కవాతుకు ముందు పదిహేను రోజులకు కాదు, జూన్ నుంచి జనవరి దాకా. ప్రతి బ్యాండులో ఇద్దరు విద్యార్థులకు శ్రుతి చేయడం నేర్పి, కీ వారి చేతికే ఇవ్వండి. ఆ పని నేర్చుకున్న పిల్లల చెవి ఎంత పదునెక్కుతుందో నేను కళ్లారా చూశాను. పైన చెప్పిన గుంటూరు పాఠశాలలో ఇప్పుడు ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె ప్రతి సోమవారం ఉదయం ప్రార్థనకు ముందు ఎనిమిది డ్రమ్ముల చుట్టూ తిరిగి, ఒక్కో మర దగ్గరా తట్టి విని, కావలసిన చోట పావు చుట్టు బిగిస్తుంది. జిల్లా స్థాయిలో కవాతు బ్యాండ్లకు బహుమతులు ఇచ్చే అధికారులు కూడా దుస్తులకు, వరుసకు వేసే మార్కులతో పాటు డ్రమ్ముల శ్రుతికీ, దెబ్బల ఏకత్వానికీ విడిగా మార్కులు కేటాయిస్తే పాఠశాలల దృష్టి తప్పకుండా అటు మళ్లుతుంది.

ఆగస్టు 15కు ముందు, కనీసం వారం రోజుల వ్యవధి ఉండగానే, ప్రతి పాఠశాలా తన డ్రమ్ములను ఒకసారి బోర్లించి కింది మూతను వేలితో నొక్కి చూడాలని, తీగలు రెండు చివరలా ఆనుతున్నాయో లేదో గమనించాలని మనవి. కొత్త మూత వేసినట్టయితే అది సాగి కుదురుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ తర్వాత మళ్లీ శ్రుతి చేయాలి. కవాతు రోజు పొద్దున కొత్త మూతలు వేయకండి.

భవదీయుడు,
ఒక కవాతు బ్యాండు శిక్షకుడు,
బ్రాడీపేట, గుంటూరు.